క్రైమ్ నవల రాశాను, అమ్మడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

పెన్నాగట్టు:
అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో బ్యాంకు ఉద్యోగిని. నాలుగేళ్ల పాటు తెల్లవారుజామునే లేచి ఒక క్రైమ్ నవల రాశాను. ఈ మార్చిలో సొంత డబ్బుతో 500 కాపీలు వేయించాను. 208 పేజీలు, వెల 200 రూపాయలు. బంధువులు, స్నేహితులు, ఆఫీసువాళ్లు కలిపి 160 దాకా తీసుకున్నారు. మిగిలిన 340 మంచం కింద అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఒక షాపులో 40 శాతం కమీషన్ అడిగారు, అదీ అమ్ముడయ్యాకే డబ్బు. అది అందరికీ మామూలేనని తర్వాత తెలిసింది.

నా అసలు ఇబ్బంది వేరు. కుటుంబ కథో ప్రేమ కథో అయితే నాలుగు ముక్కలు చెప్పి చదవమనొచ్చు. క్రైమ్ నవల గురించి నోరు తెరిస్తే ఏదో ఒక గుట్టు బయటపడుతుంది. ఏమీ చెప్పకపోతే ఎవరూ కొనరు. ఎంత వరకు చెప్పాలి? మీలో రాసేవాళ్లు, చదివేవాళ్లు ఏం చేశారో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

ఏలూరురోడ్డు:
బాబూ, నేను 1980లలో విజయవాడ ప్రచురణకర్తలకు పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు పదకొండు రాశాను. అప్పుడు అమ్మే పని మాది కాదు. రాత ప్రతి ఇస్తే ఏకమొత్తంగా ఇంత అని చేతిలో పెట్టేవాళ్లు. బస్టాండ్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో, ఊరూరా ఉన్న అద్దె లైబ్రరీల్లో పుస్తకం దానంతట అదే తిరిగేది. నా మొహం ఎలా ఉంటుందో ఒక్క పాఠకుడికీ తెలియదు.

అయితే ఒకటి గమనించాను. అద్దె లైబ్రరీకి వచ్చినవాళ్లు రచయిత పేరు కంటే ముందు పాత్ర పేరు అడిగేవాళ్లు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, మధుబాబు గారి షాడో. "కొత్త షాడో వచ్చిందా?" అనేవాళ్లు. మీ నవలలో నేరం కనిపెట్టే మనిషి ఎవరు? ఆ మనిషి గురించి ఎంతైనా చెప్పొచ్చు కదా. ఆయన ఎక్కడ టీ తాగుతాడు, దేనికి భయపడతాడు, ఇంట్లో ఎవరున్నారు, ఇవేవీ గుట్టు విప్పవు. హంతకుణ్ణి దాచండి, పరిశోధకుణ్ణి దాచకండి.

తర్వాత వారపత్రికల్లో సీరియల్ వేస్తే ప్రచారం దానంతట అదే జరిగిపోయేది. ప్రతి వారం చివర్లో ఒక మెలిక పెట్టి ఆపితే, వచ్చే వారం దాకా పాఠకులు మన గురించే మాట్లాడుకునేవాళ్లు. 2020 లాక్‌డౌన్ తర్వాత కొన్ని వారపత్రికలు మళ్లీ రాలేదు. ఆ దారి ఇరుకైపోయింది. ఇప్పటి పిల్లలు రాత, అచ్చు, అమ్మకం, పార్శిల్ కట్టడం అన్నీ ఒంటి చేత్తో చేసుకుంటున్నారు. చూస్తే బాధేస్తుంది, గౌరవమూ కలుగుతుంది.

సాగరతీరం:
మీ ప్రశ్న చదవగానే నా మొదటి ఆవిష్కరణ సభ గుర్తొచ్చింది. విశాఖలో ఒక చిన్న హాలు, అరవై మంది దాకా వచ్చారు. ముఖ్య అతిథి పెద్దాయన, చాలా శ్రద్ధగా చదివి వచ్చారు. నలభై నిమిషాలు మాట్లాడారు. మన సభల అలవాటు తెలిసిందే కదా, పుస్తక పరిచయం అంటే కథ మొత్తం చెప్పడం. మొదటి అధ్యాయం నుంచి వరసగా వెళ్తున్నారు. నేను వేదిక మీద చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. సగం దాటారు. చీటీ రాసి అందిద్దామా అనుకునేలోపే "చివరికి హంతకురాలు ఎవరో కాదు" అంటూ పేరు చెప్పేశారు. నా పనితనాన్ని మెచ్చుకోవడానికే చెప్పారు. ఆయన మీద కోపం రాలేదు. కానీ మూడేళ్లు దాచిన పేరు మైకులో వినబడితే ఒళ్లు చల్లబడిపోయింది. బయట టేబుల్ మీద పెట్టిన 80 కాపీల్లో ఆ రోజు తొమ్మిది పోయాయి.

రెండో పుస్తకం నుంచి పద్ధతి మార్చాను. వక్తలకు కాపీతో పాటు ఒక పేజీ ఉత్తరం పంపుతాను. "46వ పేజీ వరకు ఏదైనా చెప్పండి, ఆ తర్వాతి సంఘటనలు దయచేసి చెప్పవద్దు, పాత్రల గురించి, భాష గురించి, ఊరి గురించి మాట్లాడండి" అని రాస్తాను. ఇంతవరకు ఎవరూ తప్పుగా తీసుకోలేదు. పైగా ఉపన్యాసాలు బాగుపడ్డాయి. కథ చెప్పడానికి లేకపోయేసరికి నిజంగా ఆలోచించి మాట్లాడుతున్నారు.

నేను మాత్రం ప్రతి సభలో ఒకే పని చేస్తాను. శవం కనబడే దాకా చదివి పుస్తకం మూస్తాను. పదకొండు నిమిషాలు పడుతుంది. ఇంట్లో గడియారం పెట్టుకుని నాలుగైదు సార్లు చదివి చూసుకుంటాను.

ఇంకో మాట. ఆడవాళ్లు క్రైమ్ రాస్తే ప్రతి చోటా ఒకటే అడుగుతారు: "ఇంత రక్తపాతం ఎలా రాశావమ్మా? ఇంట్లో ఏమీ అనరా?" మొదట్లో సర్దిచెప్పేదాన్ని. ఇప్పుడు ప్రశ్న అడిగినవాళ్లకే పుస్తకంలో ఒక పేరా చదివి వినిపిస్తాను. రక్తం ఎంత తక్కువుందో, భయం ఎంత ఎక్కువుందో వాళ్లకే తెలుస్తుంది.

పాతస్టేషన్:
నేను పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. రాయను, చదువుతాను. మీ సభలకు శ్రోతగా వచ్చేవాడిగా చెబుతున్నాను. మాకు కథ చెప్పనక్కర్లేదు, పని చెప్పండి. మృతదేహం దొరికితే ముందు ఎవరు వస్తారు, శవ పంచనామా ఎలా రాస్తారు, పంచులుగా, అంటే దానికి సాక్షులుగా నిలబడటానికి ఊళ్లో ఎవరూ ఎందుకు ముందుకు రారు, ఇవి చెబితే జనం కదలకుండా వింటారు. నవలలో ఒక్క గుట్టూ పోదు.

అలాగే సెక్షన్లు సరిచూసుకోండి. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ (శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష 302 కాదు, 103. మోసం 420 కాదు, 318. అసహజ మరణం మీద పంచనామా పాత సీఆర్‌పీసీలోని 174 బదులు, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194. కానీ మీ కథలో నేరం ఆ తేదీకి ముందు జరిగితే 302 అనే రాయాలి. ఒక సభలో కుర్ర రచయితను పాఠకుడొకాయన "తప్పు రాశారు" అని నిలదీశాడు. కథ 2019లో జరుగుతుంది, రచయితే కరెక్టు. కానీ పాపం ఆ అబ్బాయికి జవాబు తోచలేదు. తెలిసి ఉంటే ఆ ఐదు నిమిషాల్లో పది కాపీలు అమ్ముడయ్యేవి.

ఓరుగల్లు_అక్షరం:
పై మాటకు జోడింపు. ప్రచారం కోసం చేయకూడనిదొకటి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నా నవలకు మూలం మా జిల్లాలో ఎప్పుడో జరిగిన ఒక కేసు. పేర్లు, ఊరు, వృత్తులు అన్నీ మార్చాను. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు మిత్రుడొకడు "నిజ సంఘటన ఆధారంగా అని కవర్ మీద వెయ్యి, రెండింతలు పోతుంది" అన్నాడు. వేయించాను. పోస్టర్లలో కూడా అదే.

మూడో వారంలో ఒక ఫోన్ వచ్చింది. ఆ కుటుంబానికి చెందిన ఆవిడ. తిట్టలేదు. "మీరు రాసింది చదవలేదు సార్. పోస్టర్ చూశాం. మా అమ్మ పేపర్లో అది చూసి అన్నం మానేసింది" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. క్షమాపణ అడిగాను. మిగిలిన కాపీలకు కొత్త కవర్లు వేయించాను, పోస్టర్లు తీసేశాను. దాదాపు తొమ్మిది వేలు ఖర్చయింది.

చట్టం కూడా ఒకటుంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం, కొత్త చట్టంలో 72వ సెక్షన్. కానీ నన్ను ఆపింది చట్టం కాదు, ఆవిడ గొంతు. నేరం మన కథకు సరుకు కావచ్చు. దాన్ని బతికినవాళ్లు కూడా మన పోస్టర్ చూస్తారని గుర్తుపెట్టుకోవాలి.

సాగరతీరం:
ఓరుగల్లు గారూ, మీరిది చెప్పడం చాలా మంచిదైంది. నా దగ్గరున్న కొత్త రాతప్రతి వెనుక అట్ట మీద ఆ మాటే ఉంది. ఈ రాత్రే తీసేస్తాను.

ఎల్ఎండీ_కట్ట:
కరీంనగర్ నుంచి. నేను పూర్తిగా పోస్టు ద్వారానే అమ్ముతాను, కాబట్టి ఆ లెక్క చెబుతాను. పుస్తకాలు తక్కువ ధరకు పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఆగిపోయింది. చిన్న ప్రచురణకర్తలందరికీ అదే ఆధారంగా ఉండేది. 2025 మే 1 నుంచి దాని బదులు తపాలా శాఖలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు, పుస్తకం మీద ముద్రించినవారి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. విద్య, సాంస్కృతిక పుస్తకాల కోసమని నియమాల్లో రాసి ఉంది కాబట్టి మీ పుస్తకం చూపించి ముందే కౌంటర్లో అడిగి తెలుసుకోండి.

పెన్నాగట్టు గారూ, మీ 208 పేజీల పుస్తకం కవరుతో కలిపి తూకం వేయించండి. 300 గ్రాములు దాటితే ధర మారుతుంది. నేను రెండో పుస్తకానికి కాగితం కాస్త పలచన చేసింది ఇందుకే.

మీరే సొంతంగా వేసుకున్నారు కాబట్టి చట్టం ప్రకారం ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కో కాపీ 30 రోజుల్లో పంపాలి. చాలామంది పంపరు. పంపండి. మనం పోయాక కూడా అక్కడ ఉంటుంది.

ప్రతి పార్శిల్‌లో నేను చేతిరాతతో ఒక చీటీ పెడతాను: "పూర్తయ్యాక నచ్చితే ఇంకొకరికి ఇవ్వండి. ముగింపు మాత్రం చెప్పకండి." ఆ చీటీ ఫొటోలే వాట్సాప్ స్టేటస్‌లలో తిరుగుతున్నాయి. రీల్స్ మీద రెండు నెలలు కష్టపడ్డాను, దాని వల్ల వచ్చిన ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దూరపుచుట్టం:
డల్లాస్ నుంచి. ఆడియో గురించి ఒక్క జాగ్రత్త. నా నవల ఆడియోగా చేయించాను, ఇక్కడివాళ్లు కారులో వింటారు కాబట్టి. మూడో అధ్యాయంలో ఒక అజ్ఞాత వ్యక్తి ఫోన్ చేస్తాడు. చదివినావిడ మంచి కళాకారిణి, ప్రతి పాత్రకూ ఒక గొంతు పెట్టింది. ఆ ఫోన్ గొంతు, హంతకుడి గొంతు ఒకటే! అచ్చులో దాగిన గుట్టు చెవికి దొరికిపోయింది. ఆ అధ్యాయం మళ్లీ రికార్డు చేయించాం. ఆడియోకి ఇచ్చే ముందు ఎక్కడెక్కడ గొంతు మారకూడదో గుర్తులు పెట్టి ఇవ్వండి.

స్టాల్_112:
పెన్నాగట్టు గారూ, మార్చిలో వేయడం తొందరపాటు. ఏమీ అనుకోవద్దు. మన దగ్గర పుస్తకాల కాలం డిసెంబరు, జనవరి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఎన్టీఆర్ స్టేడియంలో, 2024లో డిసెంబరు 19 నుంచి 29 వరకు జరిగింది. ఆ వెంటనే కొత్త సంవత్సరంలో విజయవాడ. నా రాత, అచ్చు, సెలవులు అన్నీ ఈ రెంటి చుట్టూనే తిరుగుతాయి. నవంబరు నెలాఖరుకు పుస్తకం చేతికి రావాలి.

నేను ఏడాది సెలవులన్నీ దాచుకుని ప్రదర్శనలో పదకొండు రోజులు నిలబడతాను. కూర్చోను. కూర్చున్న రోజు అమ్మకం సగానికి పడిపోవడం రెండేళ్లు చూశాను. పెద్దవాళ్లు వచ్చి "పాత షాడోలు ఉన్నాయా?" అంటారు. లేవని పంపేయకూడదు. ఏది చదివారు, ఎప్పుడు చదివారు అని అడిగితే పావుగంట మాట్లాడతారు. వెళ్లేటప్పుడు చాలామంది నా పుస్తకం తీసుకుంటారు. ఒకాయన తన మనవరాలి కోసం కొని, మరుసటి ఏడు ఆ అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు.

టేబుల్ మీద నవల మొదటి వాక్యం పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి పెడతాను. కథా సారాంశం కాదు, ఒక్క వాక్యం. అది చదివి ఆగినవాళ్లు పుస్తకం చేతిలోకి తీసుకుంటారు. చేతిలోకి తీసుకున్నాక నేను మాట్లాడను. వాళ్లను రెండు పేజీలు చదవనిస్తాను.

ఒక నిజం చెప్పాలి. డిసెంబరు, జనవరి రెండు నెలలూ ఒక్క పేజీ రాయలేను. గొంతు పోతుంది, కాళ్లు వాస్తాయి, బుర్రలో డిస్కౌంట్ లెక్కలే ఉంటాయి. ఫిబ్రవరి మొదట్లో మళ్లీ డెస్క్ దగ్గర కూర్చుంటే నా పాత్రలే నాకు కొత్తవాళ్లలా ఉంటాయి. అందుకే ప్రదర్శనకు వెళ్లే ముందు తర్వాతి అధ్యాయం సగంలో ఆపి వెళ్తాను. తిరిగొచ్చాక ఆ సగం పట్టుకుని మొదలుపెట్టొచ్చు.

పెన్నాగట్టు:
ఐదు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. అందరికీ చేతులెత్తి నమస్కారం.

పాతస్టేషన్ గారి సలహా ప్రకారం మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం "పంచనామా అంటే ఏమిటి" అని మాట్లాడాను. ఇరవై ఆరు మంది వచ్చారు. తర్వాత సాగరతీరం గారిలా శవం కనబడే దాకా చదివి మూసేశాను. హాల్లో ఒకావిడ "అయ్యో, ఆపేశారేం?" అని గట్టిగానే అంది. ఆ రోజు 14 కాపీలు పోయాయి. వాటిలో చీటీలు పెట్టాను. ఆ చీటీల వల్ల పోస్టులో ఇంకో 31 ఆర్డర్లు వచ్చాయి. కాపీ తూకం 290 గ్రాములు, బతికిపోయాను. నాలుగు గ్రంథాలయాలకూ పంపేశాను, గడువు దాటినా. 200 కాపీలు డిసెంబరు కోసం పక్కన పెట్టాను. సెలవుకు దరఖాస్తు కూడా పెట్టేశాను.

నిన్న రాత్రి పదకొండున్నరకు కావలి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. చీటీ మీద నంబరు చూశారట. "మీరు ఏమీ చెప్పొద్దు సార్. నేను 140వ పేజీలో ఉన్నాను. ఆ కాంపౌండర్ మీద నాకు అనుమానంగా ఉంది. పూర్తి చేసి రేపు మళ్లీ చేస్తాను" అని పెట్టేశారు. ఇవాళ సాయంత్రం దాకా చేయలేదు. కౌంటర్లో ఉన్నప్పుడు ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లో పెడతాను. ఇవాళ పెట్టలేదు.