సన్‌స్క్రీన్ బదులు కొబ్బరినూనె, పసుపు చాలా?

ప్రశ్న: అమ్మ మిర్చి కోతకి వెళ్తుంది. బుగ్గల మీద మంగు ముదురుతోంది. సన్‌స్క్రీన్ కొనిస్తే "ఆ మందులు నాకొద్దే" అని కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుని, పైన నిమ్మచెక్క రుద్దుకుని పోతోంది. మొక్కల రసాలు నిజంగా ఎండని ఆపుతాయా? భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ నిమ్మచెక్క మాన్పించమ్మా, ఇవాళే. నిమ్మలో ఫ్యూరానోకౌమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కొచ్చు, తర్వాత మిగిలే నల్లమచ్చలు నెలల తరబడి పోవు. కొబ్బరినూనెకి ల్యాబ్‌లో కొలిస్తే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 8 దరిదాపుల్లోనే వచ్చింది. మిట్టమధ్యాహ్నం చేలో అది ఏ మూలకి? గ్రీన్ టీ, కలబంద లాంటివి క్రీముకి తోడుగా మంచివే, క్రీముకి బదులు మాత్రం కావు.

ఇంకో జవాబు: జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 పైన చూసి కొనండి. అది ఖనిజం అని చెబితే అమ్మగారు ఒప్పుకోవచ్చు. చెమటకి కారిపోతుంది కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. తలగుడ్డ ఎంత బిగించి కట్టినా బుగ్గ ఎముకలు బయటే ఉంటాయి, మంగు ఎక్కువగా వచ్చేది అక్కడే. అంచు వెడల్పున్న టోపీ కూడా పెట్టించండి.

అడిగినవారు: నిమ్మకాయ సంగతి ఇప్పుడే ఫోన్లో చెప్పానండీ. టోపీకి సరేనంది, క్రీముకి ఇంకా బతిమాలాలి.