డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాక డాష్‌బోర్డులో అమ్మీటరా, వోల్ట్‌మీటరా?

బెజవాడ_మార్క్2:
మా నాన్నగారి 1974 అంబాసిడర్‌కి పోయిన నెల బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీయించి, దాని బదులు ఎక్కువ కరెంటిచ్చే 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టించాను. ఛార్జింగ్ సరిగ్గా అవుతోందో లేదో కనపడేలా ఒక మీటరు కావాలి. ఎలక్ట్రీషియన్ కరెంటు ఎంతో, ఎటు పోతోందో చూపే అమ్మీటరు తెచ్చేశాడు, 30-0-30ది (మధ్యలో సున్నా, రెండు వైపులా 30 ఆంపియర్ల దాకా). మా ఫ్రెండేమో వోల్టులు చూపే వోల్ట్‌మీటరే పెట్టమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జీపు_ప్రాణం:
అమ్మీటరే పెట్టు తమ్ముడూ. మా పాత జీపులో మొదటినుంచీ అదే. ఒకసారి రాత్రిపూట అరకు ఘాట్‌లో ఫ్యాన్‌బెల్టు తెగింది. ముల్లు ఠక్కున మైనస్ వైపు పడింది. వెంటనే పక్కకి ఆపాను కాబట్టి వేడెక్కి పాడవకుండా ఇంజను దక్కింది. బ్యాటరీలోకి కరెంటు వెళ్తోందా, బ్యాటరీ నుంచి పోతోందా అన్నది సూటిగా చెప్పేది అదొక్కటే.

పాతబండి_కాకినాడ:
అన్నా, మీ జీపులోది తీసేయమని నేను అనను. ఈ తమ్ముడి బండి సంగతి వేరు. ఆ కాలపు లూకాస్ సీ40 డైనమో ఇచ్చేదే 22 ఆంపియర్లు, దానికి 30 స్కేలు సరిపోతుంది. ఇక్కడ ఆల్టర్నేటర్ 45. బ్యాటరీ డౌన్ అయిన రోజు తోసి స్టార్ట్ చేస్తే, ఖాళీ బ్యాటరీ ఎక్కువ కరెంటు లాగి ముల్లు చివర కొట్టుకుంటుంది.

అసలు భయం వేరే ఉంది. సెల్ఫ్ మోటారు తప్ప బండి కరెంటంతా అమ్మీటరు వెనకున్న రెండు బోల్టుల గుండానే పోవాలి. మా కారుకి ఇలాగే పెట్టించాం. ఆరు నెలలకి ఒక నట్టు వదులైంది. వానలో హెడ్‌లైట్లు, వైపర్లు వేసుకుని వస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన. డాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే లగ్గు (వైరు చివర బోల్టుకి తగిలించే రింగు) ముట్టుకోలేనంత వేడి. వైరు తొడుగు కరిగి పక్క వైరుకి అతుక్కుపోయింది. ఆ వైరుకి ఫ్యూజు కూడా లేదు. ఇంట్లో వాళ్లంతా బండిలో ఉన్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

జీపు_ప్రాణం:
అది బిగింపు లోపం, మీటరుది కాదు. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, క్రింప్ చేసిన లగ్గు, స్ప్రింగ్ వాషరు వేస్తే ఎందుకు వదులవుతుంది?

పాతబండి_కాకినాడ:
నిజమే అన్నా. కానీ అంత లావు వైరు ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ, అదే ఫైర్‌వాల్, రెండుసార్లు దాటాలి. వోల్ట్‌మీటరుకి సన్నటి వైరు, 1 ఆంపియర్ ఫ్యూజు చాలు. తెగినా బండి ఆగదు. బెల్టు తెగితే అదీ 14 నుంచి 12 దరిదాపులకి పడి చెప్తుంది.

తమ్ముడూ, ముందు బ్యాటరీ ఎర్త్ తీసెయ్యి. ప్లస్ వైరు ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే చోట కలుపు. పెట్రోలు మీటరుకి స్టెబిలైజర్ (వోల్టేజి తగ్గించి నిలకడగా ఉంచేది) ఉంటే దాని తర్వాత మాత్రం కలపొద్దు, అక్కడ ఉండేది 10 వోల్టులే. ఎర్త్ పెట్టే చోట పెయింటు గీకు. ఇంకొక్క మాట, నాన్నగారి డాష్‌బోర్డుకి 52 మిల్లీమీటర్ల కన్నం కొట్టించకు. కింద రేకు బ్రాకెట్ పెట్టుకో. కన్నం మళ్లీ పూడదు.

బెజవాడ_మార్క్2:
వోల్ట్‌మీటరు పెట్టించాను, బ్రాకెట్ మీదే. ఇంజను ఆపితే 12.5, నడుస్తుంటే 14.1. హెడ్‌లైట్లు వేస్తే 12.9కి దిగుతోంది. ఆల్టర్నేటర్ చాలట్లేదా?

పాతబండి_కాకినాడ:
లైట్లు వేసే ఉంచి బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరు పెట్టి చూడు.

బెజవాడ_మార్క్2:
అక్కడ 13.8 ఉంది! అంటే ఆల్టర్నేటర్ బాగానే ఉంది, మధ్యలో వైరింగ్‌లోనే వోల్టులు పోతున్నాయి. వెతికితే ఇగ్నిషన్ స్విచ్ వెనక కనెక్టరు నల్లగా కమిలిపోయి ఉంది. మార్చాం. ఇప్పుడు లైట్లతో కూడా 13.6 చూపిస్తోంది.

జీపు_ప్రాణం:
అమ్మీటరైతే ఈ లోపం పట్టించేది కాదు, ఒప్పుకుంటున్నాను. నా జీపులోది మాత్రం తీయను. ఆదివారం దాని వెనక నట్లు బిగించి చూస్తాను.