‘దేహశుద్ధి చేసి అప్పగించారు’: ఇందులో చట్టం ఒప్పుకునే క్రియ ఏది?

గుంటూరు నుంచి ప్రశ్న: నమస్కారం. చట్టాల మీద అవగాహన కోసం ఒక కరపత్రం తెలుగులో రాస్తున్నాను. పోలీసు కాని మామూలు మనిషి నేరం చేసినవాణ్ణి పట్టుకోవడాన్ని ‘పౌర నిర్బంధం’ అనవచ్చా? పత్రికల్లో ‘స్థానికులు పట్టుకుని దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారు’ అని రాస్తుంటారు. ఆ వాడుక తీసుకోవచ్చా?

విజయవాడ నుంచి జవాబు: అమ్మా, రెండూ వద్దు. ‘అక్రమ నిర్బంధం’ అన్నది ఒక నేరం పేరు. నేరాలనూ శిక్షలనూ చెప్పే భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద దానికి ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. హక్కుకూ నేరానికీ ఒకే మాట పెడితే చదివేవాళ్లకు తికమకే. పైగా నిర్బంధం అనగానే గది, గొళ్లెం గుర్తుకొస్తాయి.

అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, 40వ సెక్షన్‌లో ఏమంటుందో చూడండి. నేరం పట్టుకునేవాడి సమక్షంలో జరిగి ఉండాలి. అది బెయిలుకు వీల్లేనిదీ, వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగినదీ కావాలి. లేదా ఆ మనిషి పరారీలో ఉన్నట్టు కోర్టు ప్రకటించిన నేరస్థుడై ఉండాలి. పట్టుకున్నాక జాప్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా 6 గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. దీనికి ముందున్న 1973 నాటి నేర విచారణ స్మృతిలో 43వ సెక్షన్ ఇదే చెప్పింది కాని గంటల లెక్క అందులో లేదు. పట్టుకున్న మనిషిని పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి కట్టడి చేయకూడదు.

ఇప్పుడు ఆ వార్తా వాక్యానికి వద్దాం. ‘పట్టుకుని’, ‘చేసి’ అనే క్త్వార్థకాలు, అంటే వాక్యాన్ని ముగించని క్రియలు, ‘అప్పగించారు’ అని వాక్యాన్ని ముగించే సమాపక క్రియకు వేలాడుతున్నాయి. మూడింటికీ కర్త ఒక్కరే, స్థానికులు. మొదటిదీ చివరిదీ చట్టం ఒప్పుకున్న పనులు. నడిమిది నేరం. రెండు మంచి క్రియల మధ్య కూర్చోబెట్టేసరికి అదీ మంచిదై పోయింది. దేహశుద్ధి అంటే దేహానికి శుద్ధి, షష్ఠీ తత్పురుష. స్నానం, ఉపవాసం లాంటివాటికి చెప్పే మాట, ఎవరికి వారు చేసుకునేది. దాన్ని చెప్పుదెబ్బలకు పెట్టుకున్నాం. ‘బడితెపూజ’ కూడా ఇలాంటిదే. దెబ్బకు పూజ అనీ శుద్ధి అనీ పేరు పెడితే కొట్టినవాడి చేయి కడిగినట్టు అవుతుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఒక దసరా ముందు బీసెంట్ రోడ్డులో కళ్లారా చూశాను. బట్టల మూటలు కట్టే నైలాన్ తాడుతో ఒక కుర్రవాణ్ణి కరెంటు స్తంభానికి కట్టారు. ఒక కాలికే చెప్పు ఉంది. పర్సు పోగొట్టుకున్న ఆవిడ ‘తీస్తుండగా నేను చూడలేదండీ, పక్కన నిలబడ్డాడని అనుకున్నాను’ అంటూనే ఉంది, వినేవారు లేరు. తీస్తుండగా చూసినవాళ్లు ఆ గుంపులో ఒక్కరూ లేరు. మర్నాడు పేపర్లో ఒక్క ముక్క వచ్చింది: దేహశుద్ధి.

పత్రికలో పనిచేసే సభ్యుడు: మాస్టారూ, డెస్కులో స్థలం తక్కువ. ‘కొట్టారు’ అని రాస్తే స్థానికుల మీద నేరం మోపినట్టు అవుతుందని భయం.

విజయవాడ నుంచి: బాబూ, ‘దేహశుద్ధి చేసి’ కన్నా ‘కొట్టి’ చిన్న మాట. కట్టుబట్టలు చినిగేలా కొట్టింది నిజమైనప్పుడు రాయడానికి భయమెందుకు? ఇంకా విచారణ కూడా మొదలుకాని కుర్రవాణ్ణి ‘దొంగ’ అని రాయడానికి లేని జంకు ఇక్కడెందుకు?

అమ్మా, మీ కరపత్రానికి ‘పట్టి అప్పగించడం’ అని రాయండి. అప్పగించడం మనకు బరువున్న మాట. పెళ్లిలో అప్పగింతలప్పుడు పిల్ల చేతిని పాలలో ముంచి అత్తవారి చేతుల్లో పెడతారు. ఉన్న మనిషిని ఉన్నట్టుగా ఇంకొకరి బాధ్యతకు ఇవ్వడం అది. చట్టం అడిగేదీ అదే.

గుంటూరు నుంచి: ‘పట్టి’కి బదులు ‘ఆపి’ అంటే ఇంకా మెత్తగా ఉండదా?

విజయవాడ నుంచి: ఉంటుంది కాని చాలదు. దారికి అడ్డం నిలబడినా ఆపడమే. అరెస్టు కావాలంటే మనిషిని తాకాలి, లేదా పట్టి ఉంచాలి. అతనే మాటతోనో చేతతోనో లొంగిపోతే తాకనక్కరలేదు. ఆ చివరి వాక్యం కూడా కరపత్రంలో చేర్చండి, పెద్ద అక్షరాల్లో.