మార్చి నుంచి దేగు దగ్గర యూనివర్సిటీలో పాఠాలు: ముందే ఏమేం చూసుకోవాలి?

ఖమ్మం నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్కారం. దక్షిణ కొరియాలో దేగు పక్కన గ్యోంగ్‌సాన్‌లో ఒక యూనివర్సిటీ నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆఫర్ వచ్చింది. పాఠం ఇంగ్లీషులోనే చెప్పాలట. మార్చి 1న చేరాలి, ప్రొఫెసర్లకిచ్చే ఈ-1 వీసా పని నడుస్తోంది. ముందు నేనొక్కడినే వెళ్తాను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప వేసవిలో వస్తారు. ఆవిడ పూర్తి శాకాహారి. నాకు కొరియన్ ఒక్క ముక్క రాదు. ఇంట్లో అందరూ బియ్యం ఎన్ని కిలోలు, పప్పులు ఎన్ని కిలోలు అన్న లెక్కల్లోనే ఉన్నారు. అక్కడున్నవాళ్లు కాస్త చెప్పండి.

దేగు నుంచి:
తమ్ముడూ, ముందుగా అభినందనలు. ఆ కిలోల లెక్క పక్కన పెట్టు. కందిపప్పు ఇక్కడ దొరుకుతుంది, కాగితం దొరకదు. డిగ్రీలతో పాటు మీ పెళ్లి సర్టిఫికెట్, పాప పుట్టిన సర్టిఫికెట్ కూడా ఇప్పుడే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పెట్టు. రేపు వాళ్లకి ఎఫ్-3 అనే కుటుంబ వీసా తీసుకోవాలంటే అవే కావాలి. నువ్వు ఇక్కడా, కాగితాలు అక్కడా ఉంటే మీ నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇండియా నుంచి దీర్ఘకాలం ఉండటానికి వచ్చేవాళ్లకి టీబీ పరీక్ష కూడా ఉంది. అది ఎంబసీ గుర్తించిన ఆసుపత్రిలోనే చేయించాలి, వీధి చివర ల్యాబ్ రిపోర్టు చెల్లదు.

ఇక అసలు సంగతి, పేరు. ఇక్కడివాళ్లలో ఎక్కువమంది పేర్లు ఇంటిపేరుతో కలిపి మూడక్షరాల్లో అయిపోతాయి. మనది గుండ్లపల్లి వెంకట నాగ సత్య సాయిరాం అనుకో. ఫారంలో గళ్లు చాలవు. ఇమ్మిగ్రేషన్ వాళ్లు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు ముందు పెట్టి రెసిడెన్స్ కార్డు ఇస్తారు. బ్యాంకమ్మాయి చోటు చాలక చివర సాయిరాం వదిలేస్తుంది. ఫోన్ షాపతను పేర్ల మధ్య ఖాళీలు లేకుండా కలిపి కొట్టేస్తాడు. ముగ్గురి దగ్గరా నువ్వు ముగ్గురు వేరువేరు మనుషులవి. ఇదేం చిన్న విషయం కాదు, ఇక్కడ ఆన్‌లైన్‌లో ఏది కొనాలన్నా, ఏ ఆఫీసు సైటు తెరవాలన్నా నీ పేరు మీదున్న ఫోన్ నంబరుతోనే నువ్వెవరో నిరూపించుకోవాలి. ఒక్క ఖాళీ తేడా ఉన్నా సైటు సరిపోలలేదంటుంది. కాబట్టి రెసిడెన్స్ కార్డు చేతికొచ్చాక బ్యాంకులోనూ, ఫోన్ షాపులోనూ కౌంటర్ దగ్గరే నిలబడి, వాళ్ల స్క్రీన్ మీద పేరు ఎలా పడిందో చూపించమను. కార్డు మీద ఉన్నట్టే కొట్టించు. చిన్నబుచ్చుకోరు, మామూలే.

కార్డుకి అప్లై చేయడానికి 90 రోజుల గడువుంది కదా అని ఊరుకోకు. మార్చిలో విద్యార్థులంతా ఒక్కసారి దిగుతారు, ఇమ్మిగ్రేషన్ అపాయింట్‌మెంట్లు దొరకవు. విమానం దిగిన వారంలోనే ఇమ్మిగ్రేషన్ వాళ్ల హైకొరియా సైటులో బుక్ చేసుకో. ఏం అర్థం కాకపోయినా వాళ్ల హెల్ప్‌లైన్ 1345కి ఫోన్ చెయ్యి, ఇంగ్లీషులో చెప్తారు. మొదట్లో బ్యాంకు ఖాతాకి రోజుకింత అని బదిలీ పరిమితి పెడతారు. యూనివర్సిటీ ఇచ్చే ఉద్యోగ ధ్రువపత్రం చూపించి తీయించుకో.

దేజన్ నుంచి:
సార్, పైన అక్క చెప్పినవన్నీ ఒక నెల టెన్షన్. క్లాసు మాత్రం ఏడాదంతా ఉంటుంది, దాని గురించి చెప్తాను.

మొదటి రోజు మీరు ప్రశ్న అడుగుతారు. నలభై మంది డెస్కు వైపు చూస్తారు. అర్థం కాలేదేమో అని మళ్లీ చెప్తారు, మళ్లీ అంతే. కంగారు పడకండి. అందరి ముందు ఇంగ్లీషులో తప్పు మాట్లాడటం కంటే మాట్లాడకపోవడమే మేలనుకునే పిల్లలు ఎక్కువ. వాళ్లే రాత్రి పదకొండుకి కకావోటాక్ అనే చాట్ యాప్‌లో పొందికైన ప్రశ్న పంపిస్తారు. నేను సబ్జెక్టుకో ఓపెన్ చాట్ పెట్టి, పేర్లు లేకుండా అడగమంటాను. స్లైడ్లు ముందురోజే పెట్టేయండి, అనువాదం చేసుకుని వస్తారు. మనవాళ్ల ఇంగ్లీషు వేగం ఇక్కడ పనికిరాదు, సగానికి తగ్గించండి.

మార్కుల సంగతి సెమిస్టర్ మొదలవకముందే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగండి. చాలాచోట్ల ఏ గ్రేడు ఇంత శాతానికి మించి ఇవ్వకూడదని పరిమితి ఉంటుంది. ఇంగ్లీషు పాఠాలకి కొన్నిచోట్ల మినహాయింపు ఇస్తారు. ఇది తెలియకుండా పేపర్లు దిద్దితే చివరి వారంలో నరకం. సిలబస్ కూడా విద్యార్థులు కోర్సులు ఎంచుకునే లోపే సిస్టమ్‌లో ఎక్కించాలి, అంటే మీరు ఇంకా ఖమ్మంలో ఉండగానే. ఆ తేదీ ఎప్పుడో ఇవాళే మెయిల్ పెట్టి కనుక్కోండి. సెమిస్టర్ చివర పిల్లలు మీకు మార్కులు వేస్తారు, కాంట్రాక్టు పొడిగింపు వేళ వాటినీ చూస్తారు.

ఇంకొకటి. 2016 సెప్టెంబరు నుంచి ఇక్కడ లంచాలు, కానుకల మీద గట్టి చట్టం ఉంది. చదువు చెప్పే పంతులుకి విద్యార్థి డబ్బా కాఫీ ఇచ్చినా తప్పే. మే 15న టీచర్స్ డే వస్తుంది, ఎవరైనా అమాయకంగా ఏదైనా తెస్తే నవ్వుతూ వెనక్కిచ్చేయండి. మీరు పిల్లలకి పెట్టడానికి అడ్డేం లేదు. నేను ఇంటి నుంచి తెచ్చిన కాజాలు పంచితే ఆ వారం వెనక బెంచీల నుంచి కూడా జవాబులొచ్చాయి!

ఖమ్మం నుంచి:
సిలబస్ విషయం నాకు ఎవరూ చెప్పలేదు సార్, ఇప్పుడే మెయిల్ పెట్టాను. డిపార్ట్‌మెంట్ డిన్నర్లలో మందు తాగక తప్పదంటారు, నిజమేనా? మాకు అలవాటు లేదు.

దేజన్ నుంచి:
ఒకప్పుడు బలవంతం ఎక్కువ, ఇప్పుడు బాగా తగ్గింది. మొదటిసారే తాగనని చెప్పి గ్లాసులో సైడర్ పోయించుకోండి. సైడర్ అంటే ఇక్కడ స్ప్రైట్ లాంటిదే, భయం లేదు. మీ గ్లాసు మీరే నింపుకోకండి. పెద్దవాళ్లకి రెండు చేతులతో పోయండి, వాళ్లు పోసేటప్పుడు రెండు చేతులతో పట్టుకోండి. తాగకపోయినా పర్లేదు గానీ అసలు వెళ్లకపోతే మాత్రం గుర్తుపెట్టుకుంటారు. నా గది తాళం నుంచి ల్యాబ్ గ్రాంటు దాకా సగం పనులు ఆ బల్ల దగ్గరే తేలాయి.

అన్సాన్ నుంచి:
నేను ఎఫ్-3 మీద వచ్చినదాన్నే, మీ ఆవిడకి ఈ మాటలు చదివి వినిపించండి. ఆ వీసా మీద విడిగా అనుమతి లేకుండా ఉద్యోగం చేయడానికి లేదు, అది ముందే మనసులో పెట్టుకుని రమ్మనండి. ఇక్కడికొచ్చాక తెలిసి బాధపడేవాళ్లని చూశాను.

తిండి విషయంలో బయట కూరగాయల వంటకం అన్నంత మాత్రాన శాకాహారం కాదు. కిమ్చీలో (ఇక్కడి క్యాబేజీ పచ్చడి) సాధారణంగా చేపల సాసో, ఉప్పు రొయ్యలో ఉంటాయి. టోఫు పులుసు కూడా చాలాచోట్ల ఎండు చేపలు మరిగించిన నీళ్లతోనే చేస్తారు. బిబిమ్‌బాప్‌లో (కూరగాయలు వేసి కలుపుకునే అన్నం) మాంసం, గుడ్డు తీసేయమంటే తీసేస్తారు, అదే మాకు దిక్కు. బౌద్ధ గుళ్ల దగ్గర వడ్డించే భోజనం మాత్రం నిశ్చింతగా తినొచ్చు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు.

ఇంట్లో వంటకి ఇబ్బంది లేదు. మా అన్సాన్‌లో వొంగోక్‌డాంగ్ వీధంతా విదేశీ సరుకులే. మీకు గ్యోంగ్‌సాన్ నుంచి దేగు మెట్రో లైన్ 2 ఎక్కితే నేరుగా సొంగ్‌సొ పారిశ్రామిక వాడ వైపు దిగొచ్చు, అక్కడ దుకాణాలున్నాయి. కందిపప్పు, మినప్పప్పు, బాస్మతి ఆన్‌లైన్‌లోనూ వస్తాయి. పొడుగు బియ్యం కావాలని అడిగి కొనండి, మామూలు దుకాణంలో దొరికేది ముద్దయిపోయే రకం. పులిహోరకి అస్సలు పనికిరాదు. ఇక్కడి నువ్వుల నూనె బాగా వేయించిన గింజలది, చుక్క వేస్తే ఘుమఘుమలాడుతుంది గానీ దాంతో ఆవకాయ పెడితే ఆవకాయ కాదు. ఇక్కడి కారం ఎర్రగా ఉంటుంది, గుంటూరు కారమంత ఘాటు ఉండదు. అందుకని తెచ్చుకోవాల్సినవి నా లెక్కలో కారం, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు, పచ్చళ్లు, ఇడ్లీ రేకులు. పచ్చి ఆకులు, పళ్లు, మాంసం పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టు క్వారంటైన్‌లో ఆపేస్తారు.

చెత్త సంచులు ఏ ఊరివి ఆ ఊళ్లోనే కొనాలి. గ్యోంగ్‌సాన్‌లో దేగు సంచి చెల్లదు. తిండి చెత్త వేరే.

ఖమ్మం నుంచి:
చాలా థాంక్స్ అండీ. ఇద్దరం కూర్చుని చదివాం. చివరిగా ఒకటి, తిరగడానికి గూగుల్ మ్యాప్స్ పనిచేయదంటున్నారు?

దేగు నుంచి:
దాన్ని నమ్ముకోకు తమ్ముడూ, నడక దారి కూడా సరిగ్గా చూపించదు. నేవర్ మ్యాప్ వేసుకో, ఇంగ్లీషులో ఉంది. టీమనీ కార్డు ఒకటి కొంటే బస్సుకీ మెట్రోకీ అదే. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి, లేకపోతే మారి ఎక్కే బండికి తగ్గింపు రాదు. సియోల్‌కి దోంగ్‌దేగు స్టేషన్ నుంచి కేటీఎక్స్ రైల్లో రెండు గంటల లోపే. కానీ సొల్లాల్, చూసొక్ పండగలప్పుడు టికెట్లు వారాల ముందే అమ్మకానికి పెడతారు, చూస్తుండగానే అయిపోతాయి. ఆ రోజుల్లో క్యాంపస్ క్యాంటీన్ కూడా మూసేస్తారు, ముందే కూరగాయలు తెచ్చి పెట్టుకోవాలి. వేసవిలో దేగు ఎండలకి కొరియా అంతా భయపడుతుంది, ఖమ్మం వాళ్లకి అదో లెక్క కాదులే. చలికి మాత్రం కోట్లు అక్కడ కొనకు, ఇక్కడే కొను. దిగే తేదీ, విమానం వివరాలు పెట్టు. ఇంచియాన్ ఎయిర్‌పోర్టు నుంచి దోంగ్‌దేగుకి నేరుగా బస్సుంది, ఎక్కేముందు మెసేజ్ పెడితే మావారు వచ్చి తీసుకొస్తారు.