పిక్సార్ సినిమాల్లో మునుపటి పస ఏమైంది?

బొబ్బిలి నుంచి:
యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ పాతవి పిల్లలతో ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ఈమధ్యవాటికి మాత్రం విజయనగరం దాకా వెళ్లి హాల్లో చూడాలనిపించట్లేదు. 2006లో డిస్నీ కొనేశాకే ఇలా అయిందంటారా?

పలాస నుంచి:
కొనడం వల్ల కాదండీ, ‘అప్’, ‘కోకో’ ఆ తర్వాత వచ్చినవే కదా! సీక్వెళ్లు ఎక్కువయ్యాయి, పైగా ‘సోల్’, ‘లూకా’ లాంటివి చాలా దేశాల్లో నేరుగా ఓటీటీలో వేసేసి, ఇంట్లోనే చూసే అలవాటు వాళ్లే చేశారు.

చీపురుపల్లి నుంచి:
నా బాధంతా బొమ్మల్ని కదిలించే తీరు గురించే. 2018లో సోనీ తీసిన యానిమేషన్ స్పైడర్‌మ్యాన్ చూడండి, అడవి సీన్‌లో కొత్తగా స్పైడర్‌మ్యాన్ అయిన కుర్రాడు మైల్స్‌కి సాలెదారంతో ఊగడం ఇంకా రాదు కాబట్టి అతనికి సెకనుకి 12 బొమ్మలే, పక్కన ఆరితేరిన స్పైడర్‌మ్యాన్ పీటర్‌కి 24, అందుకే మైల్స్ కదలిక తడబడినట్టుంటుంది. కథని బొమ్మతోనే చెప్పడమంటే అదీ! పిక్సార్ కూడా అంత తెగువ చూపించాలి.

బొబ్బిలి నుంచి:
ఆ సీన్ ఇవాళే పిల్లలకి చూపిస్తానండీ.