వానాడవిలో పని చేయడానికి బిడ్డను తీసుకుపోదామనుకుంటున్నా, పోయొచ్చినవాళ్లు చెప్పండి

జడ్చర్ల నాన్న:
నా బిడ్డకు పన్నెండేండ్లు. 2018లో చెదలు పట్టిన పిల్లలమర్రికి కొమ్మకొమ్మకూ సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారు కదా, ఆ ఫొటో చూసినప్పటి నుంచి చెట్ల డాక్టరునవుతానంటోంది. దసరా సెలవుల్లో పడమటి కనుమల వానాడవిలో నాలుగు రోజులు ఇద్దరం వాలంటీర్లుగా పని చేయాలని ఉంది. టూర్ కాదు, పని. వాళ్లమ్మకు జలగల టెన్షన్, నాకు ఖర్చు టెన్షన్. సద్దుల బతుకమ్మకు ఇంట్లో ఉండాలని షరతు కూడా పెట్టింది.

మిర్యాలగూడ టీచరమ్మ:
అన్నా, మేము రెండేండ్ల కింద జూలైలో కర్ణాటకలో ఆగుంబె దగ్గరికి పోయినం, నేనూ మా బాబూ. ఆ ఊళ్లో ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల పైనే వాన. మనకు పదేండ్లు పడేది వాళ్లకు ఒక్క ఏడాదిలో పడుతుందన్న మాట. వెళ్లేముందు ఈ లెక్క విని నవ్వుకున్నా. అక్కడ మూడో రోజుకు పొడి బట్ట ఒక్కటి మిగల్లేదు. లోబట్టలు ప్లాస్టిక్ కవర్లలో విడివిడిగా కట్టుకుపోండి.

జలగల సంగతి. మామూలు సాక్సుల అల్లికలోంచి దూరిపోతాయి. దగ్గరి నేతతో మోకాలిదాకా వచ్చే జలగ సాక్సులు దొరుకుతాయి, అవి కొనండి. పట్టుకుంటే లాగొద్దు, గోరుతో పక్కకు జరిపితే ఊడిపోతుంది. నొప్పి ఉండదు. కానీ నెత్తురు గడ్డకట్టనివ్వని పదార్థం వదులుతుంది కాబట్టి చాలాసేపు కారుతూనే ఉంటుంది. పిల్లలకు ఇది ముందే చెప్పాలి. మావాడు మొదటిదానికి ఏడ్చాడు, సాయంత్రానికి పదకొండు లెక్కపెట్టి గొప్పలు చెప్పుకున్నాడు. నేను మాత్రం చివరిదాకా భయపడుతూనే ఉన్నా.

వనపర్తి సిస్టర్:
నేను నర్సును, అందుకే ఈ మాట. ఆగుంబె ఉన్న శివమొగ్గ జిల్లాలోనే 1957లో మంకీ ఫీవర్ బయటపడింది. గోమార్ల (పిడుదుల) వల్ల వస్తుంది. డిసెంబర్ నుంచి మే దాకా ఎక్కువ. ఆ నెలల్లో పిల్లలతో అటు పోకండి. ఎప్పుడు పోయినా సరే, వచ్చాక జ్వరమొస్తే డాక్టరుకు అడవికి పోయొచ్చామని చెప్పండి.

పెద్దవూర రైతు:
డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. నా కొడుకుతో ఒక చోటికి పోయి మోసపోయిన. గుంతలు ముందే తవ్వి ఉన్నాయి, మొక్కలు ముందే తెచ్చి పెట్టారు. మేము ఒక్కొక్కటి గుంతలో పెట్టి ఫొటో దిగినం, అయిపోయింది. మిగతా మూడు రోజులు జలపాతాలు, జీపులు. వచ్చే ఏడు ఆ మొక్కలకు కలుపు ఎవరు తీస్తారయ్యా అంటే నవ్వి ఊరుకున్నరు. కాబట్టి ఆ భూమి ఎవరిది, అటవీశాఖ అనుమతి ఉందా, నాటినాక రెండు మూడేండ్లు చూసేదెవరు, ఇవి అడగండి. జవాబు రాకపోతే ఇంట్లోనే ఉండండి.

అచ్చంపేట సారు:
ముందు ఇక్కడ ఒక రోజు చూసుకోండి. మన్ననూరు వైపు శ్రీశైలం రోడ్డు పక్కన ప్లాస్టిక్ ఏరే పనికి ఎప్పుడైనా మనుషులు కావాలి, అటవీ సిబ్బందిని అడిగి పోవచ్చు. మన నల్లమల వానాడవి కాదు, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. కానీ పిల్ల నాలుగు గంటలు నడుం వంచి విసుగు లేకుండా పని చేస్తుందా లేదా ఇక్కడే తెలిసిపోతుంది. మా బడి పిల్లల్లో సగం మంది గంటకే కూర్చున్నరు.

జడ్చర్ల నాన్న:
పోయొచ్చాం. ఆగుంబె కాదు, తమిళనాడులో వాల్పారై వైపు చిన్న నర్సరీ. పొల్లాచ్చి దాటాక ఘాట్‌లో 40 మలుపులు, బిడ్డ రెండుసార్లు వాంతి చేసుకుంది. అల్లం మురబ్బా తీసుకుపోవాల్సింది.

మూడు రోజులు కవర్లలో మట్టి నింపడం, కలుపు తీయడం, లాంటానా కంప పీకడం. మన సర్కారు తుమ్మ లాంటిదే అది, ఒకప్పుడు పూల మొక్కని బయటి నుంచి తెచ్చి పెట్టుకున్నదే ఇప్పుడు అడవిని మింగుతోంది.

నేను రైతుబిడ్డను. పల్లికాయైనా ఆముదమైనా గలగలమనేదాకా ఎండబెట్టి సంచి కట్టడమే తెలుసు. మొదటిరోజు రోడ్డు మీద రాలిన గింజలు ఏరుకొచ్చి (అక్కడుంటే బండ్ల కింద నలిగిపోతాయని అవే ఏరుతారు) మామూలుగా ఎండలో పరిచా. నర్సరీ పెద్దాయన ఉరికొచ్చి అన్నీ ఎత్తేశాడు. వానాడవి చెట్లలో చాలావాటి గింజలు ఎండితే చచ్చిపోతాయట. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి వానకోసం కాచుకునే అలవాటు వాటికి లేదు, రాలగానే మొలవాలి. ఏరిన గింజ ఏరినట్టే మట్టిలో పెట్టాలి, వచ్చే ఏటికి దాచడం కుదరదు. 2021లో మన పాలమూరు మహిళా సంఘాలు మట్టి ఉండల్లో గింజలు పెట్టి ఆరబెట్టి కోట్లలో విత్తన బంతులు చేశాయి కదా, ఇక్కడెందుకు చెయ్యరని బిడ్డ అడిగింది. ఆయన ఆ ఎత్తేసిన గింజల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టి, సాయంత్రం దాకా ఎండలో ఉంచి చూడమన్నాడు. అప్పటికి దాని పైపొర ముడతలు పడింది. ఆమె దాన్ని కూడా ఒక కవర్లో నాటింది.

సింహపు తోక కోతులు రోడ్డు మీద చెట్టుకూ చెట్టుకూ మధ్య కట్టిన వంతెన మీదుగా దాటడం చూశాం, అదే మా సైట్ సీయింగ్.

మిర్యాలగూడ టీచరమ్మ:
మస్తు సంతోషం అన్నా. ముడతల గింజ మొలిచిందా?

జడ్చర్ల నాన్న:
ఇంకా లేదట అక్కా. మా బిడ్డ పెద్దాయనకు రోజు విడిచి రోజు ఫోన్ చేస్తోంది, పాపం విసుక్కోడు.

అచ్చంపేట సారు:
ఆ జలగ సాక్సులు మావాడికి ఒకసారి ఇస్తారా? పోయేది డిసెంబర్‌లో.

జడ్చర్ల నాన్న:
ఇస్తా సార్. అయితే శివమొగ్గ వైపు కాదుగా? సిస్టర్ చెప్పింది పైన చదవండి.