తలకు తీవ్ర గాయమై బోర్డ్ అవుట్ (వైద్య కారణాలతో సర్వీసు నుంచి విడుదల) కాబోతున్న సైనికుడి కుటుంబం ఏమేమి అడగాలి?

ప్రశ్న (ప్రకాశం జిల్లా నుంచి ఒక నాయక్ తమ్ముడు)

మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు నమస్కారం. మా అన్నయ్య పదాతి దళంలో నాయక్, పదకొండేళ్ళ సర్వీసు ఉంది. వార్షిక సెలవు ముగించుకొని యూనిట్‌కు తిరిగి వెళ్తూ, రైలు దిగి ట్రాన్సిట్ క్యాంపుకు (ప్రయాణంలో సైనికులు బస చేసే శిబిరానికి) చేరే దారిలో జీపు బోల్తా పడి తలకు తీవ్రమైన దెబ్బ తగిలింది. మెదడులో రక్తం గడ్డకట్టడంతో పుర్రె ఎముకలో కొంత భాగం తొలగించి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. ఇప్పుడు సైనికాసుపత్రిలో ఉన్నాడు. కళ్ళు తెరుస్తాడు, వదిన గొంతు వినిపిస్తే తల అటు తిప్పుతాడు, అంతే. మాట లేదు, ఆహారం ముక్కులోని గొట్టం ద్వారానే ఇస్తున్నారు, ఈ మధ్య ఫిట్స్ కూడా మొదలయ్యాయి.

త్వరలో ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు, అంటే ఇక సర్వీసుకు పనికిరాడని తేల్చే వైద్యుల బోర్డు, జరుగుతుందని చెప్పారు. ప్రమాదం సెలవులో ఉండగా జరిగింది కనుక డిసెబిలిటీ (వికలత్వ) పెన్షన్ రాదని కొందరు అంటున్నారు. అది నిజమేనా? బోర్డు ముందు మేము ఏ విషయాలు చూసుకోవాలి? అన్నయ్య సంతకం చేయలేని స్థితిలో ఉండగా పెన్షన్ ఎవరి చేతికి వస్తుంది? ఇంటికి తీసుకొచ్చాక అతన్ని చూసుకోవడానికి ప్రభుత్వం నుంచి ఏమైనా ఆసరా ఉంటుందా? వదినకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, ఇద్దరు చిన్నపిల్లలు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (సైనికుల సర్వీసు వివరాలు భద్రపరిచే రికార్డ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన సుబేదార్)

తమ్ముడూ, ముందుగా ఆ సెలవు సంగతి తేల్చుకుందాం. సెలవులో ఇంటి దగ్గర ఉండగా జరిగిన ప్రమాదం వేరు, సెలవు నుంచి డ్యూటీకి తిరిగి వెళ్తున్న ప్రయాణంలో జరిగిన ప్రమాదం వేరు. పెన్షన్ అర్హతను తేల్చే ఎంటైటిల్‌మెంట్ రూల్స్ ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో ప్రయాణించే అర్హత ఉన్నప్పుడు సెలవు స్థలానికీ యూనిట్‌కూ మధ్య జరిగే ప్రయాణం డ్యూటీ కిందికే వస్తుంది. అయితే ఆ ప్రయాణం జరిగిందని కాగితం చూపించాలి. అందుచేత సెలవు సర్టిఫికెట్, రైల్వే వారెంటు (ప్రభుత్వ ఖర్చుతో ప్రయాణానికి ఇచ్చే పత్రం) లేదా టికెట్, పోలీసుల ఎఫ్‌ఐఆర్, మొదట చేర్చిన ఆసుపత్రి వారి కేసు షీటు, వీటన్నిటి నకళ్ళూ ఈ వారమే ఒకచోట చేర్చండి. టికెట్ మీ అన్నయ్య పర్సులోనో ఫోన్‌లోనో ఉండవచ్చు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు అతని వస్తువులను జాబితా రాసి యూనిట్‌కు అప్పగించి ఉంటారు కనుక ఆ జాబితా చూడండి.

యూనిట్ వారు ఐఏఎఫ్‌వై 2006 అనే గాయం నివేదికను పూర్తి చేస్తారు. అవసరమైతే కోర్ట్ ఆఫ్ ఇంక్వైరీ (సైన్యం లోపల జరిపే విచారణ) కూడా జరుగుతుంది. ఆ నివేదికలో కమాండింగ్ ఆఫీసర్ రాసే ఒక్క వాక్యం, అంటే ఈ గాయం సైనిక సర్వీసుకు సంబంధించినదా కాదా అన్న అభిప్రాయం, ఆ తరువాతి దశలన్నిటికీ పునాది అవుతుంది. మెడికల్ బోర్డులోని డాక్టర్లు గాయాన్ని చూస్తారే గానీ రోడ్డు మీద ఏం జరిగిందో వారికి తెలియదు, వారు ఆ కాగితాన్నే చూసి నిర్ణయిస్తారు. నా సర్వీసులో చూసిన ఫైళ్ళలో ఎక్కువ భాగం వెనక్కి వచ్చినది వైద్య కారణాల వల్ల కాదు, ఈ నివేదిక సరిగా లేకపోవడం వల్లనో అసలు లేకపోవడం వల్లనో. కనుక బోర్డు తేదీకి ముందే యూనిట్ అడ్జుటెంట్‌తో (యూనిట్ పరిపాలన చూసే అధికారితో) మాట్లాడి, నివేదిక పంపారో లేదో వినయంగానే అయినా గట్టిగా అడగండి.

బోర్డు ప్రొసీడింగ్స్‌లో మూడు మాటలు తప్పనిసరిగా ఉండాలి. గాయం సర్వీసుకు ఆపాదించదగినదని, అంటే సర్వీసు వల్ల కలిగినదని, ఉండాలి. వికలత్వం 100 శాతమనీ అది జీవితాంతమనీ ఉండాలి. నిరంతర సహాయకుడు అవసరమని విడిగా రాయాలి. ఈ మూడో మాట చాలా కేసుల్లో జారిపోతుంది. కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్ అనే సహాయకుడి భత్యం ఉంది, 2017 జూలైలో దాన్ని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించారు. కరవు భత్యం 50 శాతం పెరిగిన ప్రతిసారీ ఇది 25 శాతం పెరిగే నియమం కూడా ఉంది. 100 శాతం వికలత్వం ఉండి బోర్డు సిఫారసు చేస్తేనే అది మంజూరవుతుంది. రోగి ప్రభుత్వ ఆసుపత్రిలో చేరి ఉన్న కాలానికి అది ఇవ్వరు. ఫిట్స్, మాట పోవడం, మలమూత్రాలపై అదుపు లేకపోవడం, వీటిలో ప్రతిదాన్నీ విడివిడిగా నమోదు చేయమని అడగండి. తలకు గాయం అని ఒక్క పంక్తిలో రాసి వదిలేస్తే, తరువాత ఫిట్స్ మందులకూ కొత్త సమస్యలకూ పాత గాయంతో సంబంధం నిరూపించడానికి కుటుంబం తిరగవలసి వస్తుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. డిసెబిలిటీ పెన్షన్‌లో సర్వీసు ఎలిమెంటు (చేసిన సర్వీసుకు వచ్చేది), డిసెబిలిటీ ఎలిమెంటు (వికలత్వ శాతాన్ని బట్టి వచ్చేది) అని రెండు భాగాలు. మామూలు పెన్షన్‌కు కావలసిన 15 ఏళ్ళు నిండలేదన్న బెంగ అక్కరలేదు. సర్వీసు వల్ల కలిగిన వికలత్వంతో బోర్డ్ అవుట్ అయినవారికి ఆ కనీస పరిమితి వర్తించదు. డిసెబిలిటీ ఎలిమెంటు 100 శాతానికి చివరి జీతంలో 30 శాతం. వీటితోపాటు ఏకమొత్తపు ఎక్స్‌గ్రేషియా 100 శాతం వికలత్వానికి 20 లక్షలు ఉంది, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ నుంచి రావలసినది వేరుగా ఉంది. ఇవి వాటంతట అవే వస్తాయని కూర్చోకండి, ప్రతిదానికీ రికార్డ్ ఆఫీసుకు పంపిన ఉత్తరం నంబరు మీ దగ్గర ఉండాలి.

సమాధానం 2 (సైనికుల కేసులు చూసే న్యాయవాది)

సుబేదార్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చట్టం వైపు నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను.

ప్రయాణం గురించి సుప్రీంకోర్టు 1999లో మదన్ సింగ్ షెఖావత్ కేసులో ఇచ్చిన తీర్పు మీకు నేరుగా ఉపయోగపడుతుంది. ఆయన క్యాజువల్ లీవులో సొంత ఖర్చుతో రైలులో వెళ్తూ, దిగే సమయంలో పడిపోయి చేయి కోల్పోయారు. ప్రభుత్వ ఖర్చుతో ప్రయాణించలేదు కనుక డ్యూటీ కాదని అధికారులు పెన్షన్ నిరాకరించారు. సైనికుల సంక్షేమం కోసం చేసిన నియమాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలని చెప్పి కోర్టు ఆయనకు పెన్షన్ ఇప్పించింది. మీ అన్నయ్య వార్షిక సెలవు నుంచి తిరిగి వెళ్తున్నారు కాబట్టి ఆయన పరిస్థితి ఇంకా బలంగా ఉంది.

ఫిట్స్ విషయంలో 2013 జూలై 2న వచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పును గుర్తుపెట్టుకోండి. సిగ్నల్స్ దళంలో తొమ్మిదేళ్ళు పనిచేసిన ఆ సైనికుడిని మూర్ఛవ్యాధి ఉందని 20 శాతం వికలత్వంతో బోర్డ్ అవుట్ చేశారు, అది పుట్టుకతో వచ్చిన లక్షణమని చెప్పి పెన్షన్ ఇవ్వలేదు. భర్తీ సమయంలో చేసిన వైద్య పరీక్షలో ఆ జబ్బు నమోదు కాకపోతే అది సర్వీసు వల్ల వచ్చినదిగానే భావించాలనీ, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ, కారణాలు రాయకుండా బోర్డు ఇచ్చే అభిప్రాయం చెల్లదనీ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ అన్నయ్య ఫిట్స్ గాయం తరువాతే మొదలయ్యాయి కనుక వాదనకు అంత దూరం వెళ్ళే అవసరం ఉండకపోవచ్చు, అయినా ఆ తీర్పు మీ వెనుక ఉందని తెలిసి ఉండటం మంచిది.

మీకు వార్ ఇంజురీ పెన్షన్ వర్తించదు. శత్రువుతోనో ఉగ్రవాదులతోనో జరిగే పోరులో, మందుపాతరల తొలగింపు వంటి పనుల్లో గాయపడినవారికి అది వర్తిస్తుంది. తలకు ఒకే రకమైన గాయమైన ఇద్దరు సైనికుల్లో ఒకరికి 100 శాతానికి చివరి జీతంతో సమానమైన మొత్తం, మరొకరికి అందులో 30 శాతం రావడం న్యాయమేనా అన్నది నన్ను ఎప్పుడూ కలచివేసే ప్రశ్న, ఎందుకంటే మంచం పట్టిన మనిషిని చూసుకునే ఖర్చు ఇద్దరి ఇళ్ళలోనూ ఒకటే. ప్రస్తుతానికి నియమం మాత్రం అదే. ఇంకొక సంగతి, 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్ అమలులోకి వచ్చాయి. పాత తీర్పులను ఉదహరించేటప్పుడు మీ కేసుకు ఏ నియమావళి వర్తిస్తుందో చూసి మాట్లాడాలి.

ఒకవేళ తిరస్కరిస్తే మొదటి అప్పీలు, ఆపైన రెండో అప్పీలు, ఆ తరువాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ (సైనికుల సర్వీసు వివాదాలు విచారించేది) ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ వారికి చెన్నై బెంచి. అప్పీళ్ళకు ఆరు నెలల గడువు ఉంటుంది. ఆలస్యమైనా తలుపులు పూర్తిగా మూసుకుపోవు గానీ, 2008 నాటి తర్సేం సింగ్ తీర్పు ప్రకారం బకాయిలు సాధారణంగా దరఖాస్తుకు ముందు మూడేళ్ళకే పరిమితమవుతాయి. కనుక ఆలస్యం చేసిన ప్రతి నెలకూ డబ్బు నష్టమే. తిరస్కరించినా ఇన్‌వాలిడ్ పెన్షన్ (సర్వీసుతో సంబంధం లేని వికలత్వంతో విడుదలైనవారికి ఇచ్చేది) మిగులుతుంది, చేతులు ఖాళీగా ఇంటికి పంపరు.

సమాధానం 3 (తలకు గాయమైన హవల్దార్ భార్య, పశ్చిమ గోదావరి జిల్లా)

బాబూ, మీ వదినగారికి ఈ మాటలు చదివి వినిపించండి. కాగితాల సంగతి పెద్దలు చెప్పారు, ఇంట్లో సంగతి నేను చెబుతాను.

ఆసుపత్రి నుంచి పంపేలోపు అక్కడి నర్సింగ్ సిబ్బంది దగ్గర పనులన్నీ చేతులతో నేర్చుకోమనండి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోసే ముందు గొట్టం కడుపులోనే ఉందో లేదో చూసుకోవడం, పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచి, పోశాక కూడా అరగంట అలాగే ఉంచడం, రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడటం ముఖ్యం. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలవుతున్నట్టే, ఆ పూటే ఆ పక్క మీద పడుకోబెట్టడం మానాలి. ఫిట్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకుండా పక్కకు తిప్పాలి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పుర్రె ఎముక తీసిన వైపు ఎప్పుడూ ఒత్తిడి పడకూడదు. ఆ ఎముకను తిరిగి ఎప్పుడు పెడతారో డిశ్చార్జికి ముందే రాతపూర్వకంగా అడగండి.

వైద్యానికి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ ఉంది. దగ్గరలోని పాలీక్లినిక్‌లో నమోదై ఉంటే మందులు అక్కడే ఇస్తారు, స్పెషలిస్టు అవసరమైతే ఎంప్యానెల్ అయిన (పథకం జాబితాలో ఉన్న) ఆసుపత్రికి రిఫరల్ ఇస్తారు. అత్యవసరంలో ప్యానెల్‌లో లేని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలియజేయాలి, ఆ కబురు అందించే పని ఇంట్లో ఒకరికి ముందే అప్పగించండి. మా ఆయనను ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇలాంటి రోగికి ఇంక చేసేదేమీ లేదని ఫిజియోథెరపీ కూడా రాయలేదు. మేము పట్టుబట్టి రాయించుకున్నాం. కీళ్ళు బిగుసుకుపోకుండా ఉండటానికైనా అది రోజూ జరగాలి. బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరో రిహాబిలిటేషన్ విభాగం ఉంది, ఒకసారి అక్కడి అభిప్రాయం తీసుకుంటే మంచిది.

ఖడ్కీలోనూ మొహాలీలోనూ ఉన్న పారాప్లెజిక్ కేంద్రాల గురించి మీకు ఎవరైనా చెప్పవచ్చు. అవి వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం ఏర్పడినవి, గొప్ప సేవ చేస్తున్నాయి. మెదడు దెబ్బతిని తన అవసరం తాను చెప్పుకోలేని మనిషికి కావలసిన సంరక్షణ వేరు. అటువంటివారి కోసం ప్రతి కమాండ్‌లోనూ (సైన్యపు ప్రాంతీయ విభాగంలోనూ) ఒక కేంద్రం ఉండాలని నా గట్టి కోరిక. 2015 నవంబరులో కుప్వారాలో ఉగ్రవాదుల కాల్పుల్లో దవడకు తూటా తగిలి స్పృహ కోల్పోయిన లెఫ్టినెంట్ కల్నల్ కరణ్‌బీర్ సింగ్ నట్ గారిని ఎనిమిదేళ్ళపాటు ప్రాణంతో నిలిపి ఉంచారు, ఆయన 2023 డిసెంబరులో జలంధర్ సైనికాసుపత్రిలో కన్నుమూశారు. అంతకాలం నిలపగలిగిన సంరక్షణ నాయక్‌కూ హవల్దార్‌కూ కూడా అందాలని అడగడం తప్పు కాదు కదా.

సంతకం సంగతి: వేలిముద్ర వేయగలిగితే వేలిముద్ర, లేకపోతే కాలి బొటనవేలి ముద్ర కూడా బ్యాంకులో చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇది రిజర్వ్ బ్యాంకు నియమం, కౌంటర్‌లో ఉన్నవారికి తెలియకపోతే మేనేజరును అడగండి. పెన్షన్ ఖాతాను భార్యతో జాయింట్‌గా తెరవవచ్చు. ఏడాదికోసారి ఇచ్చే జీవన ప్రమాణ పత్రం కోసం ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి ఉంది గానీ, అది కళ్ళు ఆర్పమని అడుగుతుంది, మనవాళ్ళు చెప్పినప్పుడు ఆర్పలేరు. అధికారి సంతకం చేసిన కాగితపు ప్రమాణ పత్రాన్ని రక్షణ శాఖ పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్‌లో అప్‌లోడ్ చేసే వీలు ఉంది, మేము అలాగే చేస్తున్నాం.

మీ వదినగారు రాత్రి కాస్త నిద్రపోయే ఏర్పాటు మీరు చేయాలి. సహాయకుడి భత్యం ఆమె చేతికి వచ్చినప్పుడు దాన్ని ఇంటి ఖర్చులో కలిపేయకుండా రాత్రిపూట మనిషిని పెట్టుకోవడానికే వాడమని చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. టికెట్ అన్నయ్య ఫోన్‌లో దొరికింది, అడ్జుటెంట్ గారికి ఈ రోజే ఉత్తరం పంపాను. ఇంకొక్క సందేహం. అన్నయ్య పేరు మీద ఊళ్ళో ఇంటిస్థలం, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నాయి. వైద్యానికి అవసరమైతే వదిన వాటిని తీసుకోవచ్చా?

సమాధానం 2 వారి జవాబు

పెన్షన్ ఖాతాకు చేసిన ఏర్పాటు వీటికి సరిపోదు. స్పృహలో లేని వ్యక్తి ఆస్తికి సంరక్షకుణ్ణి నియమించడానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి కొన్ని స్థితులకే పరిమితం. అందుచేత రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయడమే దారి. కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది, ఇతర హైకోర్టులు కూడా వాటిని అనుసరించాయి. మెడికల్ బోర్డు నివేదిక, కుటుంబ సభ్యుల అంగీకార పత్రాలు, ఆస్తుల జాబితా జతచేస్తే సాధారణంగా భార్యనే సంరక్షకురాలిగా నియమిస్తారు, ఖర్చుల లెక్క కోర్టుకు సమర్పించమంటారు. ఎవరి సలహా మీదైనా అన్నయ్య వేలిముద్రతో ఇప్పుడు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించకండి. అంగీకారం తెలపలేని మనిషి పేరిట రాయించిన ఆ పత్రం చెల్లదు, పైగా రేపు వదినగారి మీదకే వస్తుంది. బోర్డు ప్రొసీడింగ్స్ నకలు చేతికి రాగానే రిట్ పని మొదలుపెట్టవచ్చు.